అంకె పక్కన ఏముందో చూడండి

(టైప్ వన్ మధుమేహం ఉన్న పిల్లల తల్లిదండ్రులు, పైచదువులకు, ఉద్యోగాలకు విదేశాలు వెళ్లబోతున్న యువతీయువకులు తిరుపతిలో కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లిదండ్రులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. నన్ను పిలిచినవారు ‘టైప్ వన్ ఉన్నా విదేశాల్లో ఎలా రాణించారో చెప్పండి’ అని అడిగారు. రాణించడం పెద్ద మాట. నేను ఆరేళ్లు టొరాంటోలో ఉద్యోగం చేసి తిరిగి వచ్చాను. అలా వెళ్లి వచ్చినవాళ్లు ఈ ఊళ్లో వీధికి ఇద్దరు దొరుకుతారు. వాళ్లకూ నాకూ తేడా ఒకటే: నా సంచిలో ఎప్పుడూ ఇన్సులిన్ ఉంటుంది. దేశం మారినప్పుడు ఆ సంచి నన్ను ఎక్కడెక్కడ తికమక పెట్టిందో, ఎక్కడ ప్రాణం మీదికి తెచ్చేంత పని చేసిందో చెబితే మీకు నా గొప్పల కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

మాది పాకాల. 1994లో, నా పదకొండో ఏట ఈ జబ్బు బయటపడింది. నెల రోజులుగా ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరకపోవడం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం, గౌన్లన్నీ వదులైపోవడం కళ్లెదుటే జరుగుతున్నా, షుగరు తాతలకు వచ్చే జబ్బని నమ్మే రోజులు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. వాంతులతో, ఆయాసంతో ఆస్పత్రిలో చేరిన తరువాత డాక్టరుగారు మా నాయనకు విడమరిచి చెప్పారు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీరంలోని రక్షణ వ్యవస్థే దెబ్బతీసింది, కాబట్టి తిండీ నీళ్లూ ఎలాగో ఇక ఈ పాపకు ఇన్సులిన్ అలాగ అన్నారు. ఫలానా ఊళ్లో ఆకు పసరు పోస్తారని, సూది మాన్పించమని చెప్పిన చుట్టాలు లేకపోలేదు. మాన్పించి ఉంటే ఈ రోజు ఈ మైకు ముందు వేరెవరో ఉండేవారు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మా అవ్వ ఒక కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి ముంతలో ఉంచేది. నీరు ఆవిరవుతూ కుండను చల్లబరుస్తుందన్న సూత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. మంచినీళ్ల కుండ చల్లగా ఉంటే మందు కుండ ఎందుకు ఉండదన్నది ఆమె తర్కం.

ఇంటి దగ్గర ఈ జబ్బుతో బతకడమంటే కొన్ని అంకెలతో బతకడమే. ఉదయం ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని యూనిట్లు, పరగడుపున ఎంత, తిన్నాక ఎంత అన్నవి కొన్నేళ్లకు ఎక్కాల్లాగా నోటికి వచ్చేస్తాయి. ఆ అంకెలు ఏ కొలతలో ఉన్నాయో మనం అడగడం మానేస్తాం. పరదేశంలో మన శరీరం మారదు, మందు కూడా దాదాపు మారదు, కానీ ఆ అంకెల వెనుక ఉన్న కొలతలు మారిపోతాయి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

సూదిలోని అంకెతో మొదలుపెడతాను. మన మందుల షాపుల్లో దొరికే రెగ్యులర్ (భోజనానికి ముందు వేసుకునేది), ఎన్‌పీహెచ్ (నిదానంగా, ఎక్కువసేపు పనిచేసేది), ఆ రెండూ కలిసిన 30/70 మిశ్రమం వంటి ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా యు-40 రకం. అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పది మిల్లీలీటర్ల సీసాలో 400. వాటికి ఎర్ర మూత సిరంజి వాడతాం. ఇన్సులిన్ పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లు, అంటే మందు గొట్టాలు, మన దగ్గర కూడా యు-100, అంటే మూడు మిల్లీలీటర్లలో 300 యూనిట్లు. కెనడా, అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో సీసాలు కూడా యు-100 రకమే. వాటి సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. 2011లో నేను వెళ్లినప్పుడు సీసాలూ సిరంజిలే వాడేదాన్ని. రెండో నెలలో సీసాలు అయిపోయాయి కానీ ఎర్ర మూత సిరంజిలు ఇంకా ఒక పెట్టె మిగిలే ఉన్నాయి. కెనడాలో ఇన్సులిన్‌కు డాక్టరు చీటీ అక్కర్లేదు, ఫార్మసిస్టును అడిగితే లోపలి నుంచి తీసి ఇస్తారు. మనం రెగ్యులర్ అని పిలిచే మందును ఒక కంపెనీ అక్కడ ‘టొరాంటో’ అన్న పేరుతోనే అమ్మేది. ఆ సీసా కొని, సిరంజిలు నా దగ్గర ఉన్నాయిలెండి అంటూ మాటవరసకు ఒకటి తీసి చూపించాను. ఆ పెద్దాయన దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, మాట్లాడకుండా ఒక కాగితం మీద లెక్క వేసి నా ముందుకు జరిపారు.

నా మోతాదు 16 యూనిట్లు. ఎర్ర మూత సిరంజిలో 16 గీత దాకా లాగితే 0.4 మిల్లీలీటర్లు వస్తుంది. ఆ సీసాలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉన్నాయి కాబట్టి నా ఒంట్లోకి వెళ్లబోయేది 40. అద్దె గదిలో ఒంటరిగా, రాత్రి భోజనానికి ముందు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆయన ఆ రోజు నా నుంచి సీసా ఖరీదు, కొత్త సిరంజిల ఖరీదు తప్ప మరేమీ తీసుకోలేదు.

ఇంత ప్రమాదకరమైన తేడా ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. ఇన్సులిన్‌ను మొదట మనిషికి ఇచ్చింది ఆ టొరాంటోలోనే. 1922 జనవరిలో లెనర్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడికి ఇచ్చారు. మొదటి సూది సరిగా పనిచేయలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త శుద్ధి చేసిన మందును ఆ నెల 23న ఇచ్చాక పిల్లవాడు తేరుకున్నాడు. కనుగొన్నవారు పేటెంటును తలా ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అయితే ఆ మందును తూకంతో కొలవడం కుదరలేదు, ఎందుకంటే ఒక్కో తయారీ ఒక్కో బలంతో ఉండేది. అందుకని ఉపవాసం ఉన్న కుందేలు రక్తంలో చక్కెరను 45 మిల్లీగ్రాములకు దించగలిగినంత మందును ఒక యూనిట్ అన్నారు. మనం రోజూ లెక్కపెట్టే యూనిట్ ఆ కుందేలు దగ్గర పుట్టింది. తరువాత రకరకాల బలాలతో సీసాలు రావడం, యు-40, యు-80 మధ్య జనం పొరబడడం జరిగాక, 1970ల నుంచి ఒక్కో దేశం యు-100కు మారుతూ వచ్చింది. బ్రిటన్ 1983లో మారింది. మన దగ్గర యు-40 సీసా నిలిచిపోయింది. అది చవక, మంచి మందు కూడా. దాన్ని తప్పు పట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. కానీ ఆ సీసాను దాని సిరంజి నుంచి విడదీసి ప్రయాణం చేయించకండి. మరో చిన్న సంగతి: మన 30/70 మిశ్రమాన్ని అమెరికాలో 70/30 అని రాస్తారు. అంకెలు తిరగబడ్డాయి కానీ మందు అదే.

ఇక మీటరులోని అంకె. మనం డెసిలీటరు రక్తానికి ఇన్ని మిల్లీగ్రాములు అని చెప్పుకుంటాం. అమెరికాలో, జపానులో కూడా అంతే. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో లీటరుకు ఇన్ని మిల్లీమోల్‌లు అని లెక్క. వాళ్ల అంకెను 18తో హెచ్చిస్తే మన అంకె వస్తుంది. నేను ఫోనులో ‘పొద్దున అయిదున్నర ఉంది’ అంటే మా అమ్మ దాన్ని మూడు నెలల సగటు పరీక్ష అనుకుని సంబరపడి, పక్కింటివాళ్లకు కూడా చెప్పింది. ఇది నవ్వుకోదగిన పొరపాటు. నవ్వుకోలేనిది మరొకటి జరిగింది. జ్వరంతో పడుకున్న ఒక రోజు మీటరులో 22 అని వచ్చింది. అప్పటికి నాతో గదిలో ఉంటున్న అమ్మాయి మన కడప వైపు పిల్ల. వాళ్ల జేజికి షుగరు ఉండేది కాబట్టి, 70 కన్నా తగ్గితే వెంటనే తీపి ఇవ్వాలని ఆమెకు బాగా తెలుసు. 22 చూడగానే పెద్ద గ్లాసు నిండా నారింజ రసం తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది. 22 అంటే మన లెక్కలో 396. నేను స్పృహలో ఉన్నాను కాబట్టి గ్లాసు పక్కకు తోశాను. ఆమె ప్రేమలో లోపం లేదు, ఆమెకున్న పరిజ్ఞానంలో కూడా లోపం లేదు, అంకె పక్కన ఉన్న అక్షరాలు చిన్నవి, అంతే. ఆ మరునాడు నా మీటరు వెనుక తెలుగులో ఒక చీటీ అంటించాను: ‘4 కన్నా తక్కువైతే తీపి ఇవ్వు. 14 దాటితే నీళ్లు ఇచ్చి డాక్టరుకు ఫోను చెయ్యి.’ సగటు పరీక్ష విషయంలో కూడా జాగ్రత్త అవసరం. మనం 7 శాతం అనే ఫలితాన్ని బ్రిటన్‌లో 53 అని రాస్తారు. ఆ కాగితం చూసి గుండె పట్టుకోవద్దు.

మూడోది గడియారం. ఈ లెక్కను కొంచెం నింపాదిగా వినండి, ఎందుకంటే డాక్టరు గదిలో దీనికి సమయం దొరకదు. ఇప్పుడు చాలామంది పిల్లలు రోజంతా నిదానంగా పనిచేసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్‌ను రోజుకొకసారి వేసుకుంటున్నారు. రాత్రి పదికి వేసుకునే పిల్లవాడు మద్రాసులో విమానం ఎక్కి టొరాంటోలో దిగాడనుకుందాం. వేసవిలో అక్కడి గడియారం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ రాత్రి పది అయ్యేదాకా ఆగితే సూదికీ సూదికీ మధ్య ముప్పై మూడున్నర గంటలు గడుస్తాయి. మందు సుమారు ఇరవై నాలుగు గంటలే పనిచేస్తుంది. మిగతా తొమ్మిదిన్నర గంటలు ఆ పిల్లవాడి ఒంట్లో ఆధార ఇన్సులిన్ లేనట్టే. తిరిగి వచ్చేటప్పుడు ఇది తలకిందులవుతుంది. అక్కడ రాత్రి పదికి వేసుకుని బయలుదేరి ఇక్కడ రాత్రి పదికి మళ్లీ వేసుకుంటే మధ్యలో పద్నాలుగున్నర గంటలే. రెండు సూదులు తొమ్మిదిన్నర గంటల పాటు ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి. పశ్చిమానికి వెళితే చక్కెర పెరుగుతుంది, తూర్పుకు వస్తే పడిపోతుంది. నా పద్ధతి ఏమిటంటే, ఒక చేతి గడియారాన్ని మార్చకుండా ఇంటి వేళలోనే ఉంచి, గ్లార్జిన్ వరకు దాన్నే నమ్ముతాను. టొరాంటోలో మధ్యాహ్నం పన్నెండున్నర అంటే పాకాలలో రాత్రి పది, అప్పుడే వేసుకుంటాను. తరువాత నాలుగైదు రోజుల్లో రోజుకు రెండేసి గంటల చొప్పున రాత్రికి జరుపుకుంటాను. మీ పిల్లల మందు వేరు కావచ్చు, సూదికి బదులు ఇన్సులిన్ పంపు ఉండవచ్చు, కాబట్టి టికెట్టు కాగితం తీసుకుని వెళ్లి డాక్టరుగారి చేత వేళలు రాయించుకోండి. భోజనానికి ముందు వేసుకునే సూది విషయంలో మాత్రం అందరికీ ఒకే మాట: విమానంలో ట్రే మీ ముందు పెట్టేదాకా వేసుకోవద్దు. సూది వేసుకున్నాక విమానం ఊగి వడ్డన ఆపేస్తే, ఆకలితో మిగిలేది మీరే.

విమానాశ్రయం గురించి చాలామంది భయపడతారు కానీ చెప్పాల్సింది తక్కువ. ఇన్సులిన్ అంతా చేతి సంచిలోనే ఉండాలి. సామాను అరలో గడ్డకట్టవచ్చు, సంచే తప్పిపోవచ్చు. వంద మిల్లీలీటర్ల నిబంధన మందులకు వర్తించదు. డాక్టరు ఇంగ్లీషులో రాసిన ఉత్తరంలో కంపెనీ పేరు కాక మందు అసలు పేరు ఉండాలి, ఎందుకంటే మన నోవోర్యాపిడ్ అమెరికాలో నోవోలాగ్ అయిపోతుంది, ఆస్పార్ట్ అన్న పేరు మాత్రం ఎక్కడికి వెళ్లినా ఆస్పార్టే. అవసరమైన దానికి రెట్టింపు తీసుకుని, రెండు చేతి సంచుల్లో పంచండి. శ్రీసిటీ కంపెనీల నుంచి శిక్షణకు జపాను వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒక నెలకు మించిన మందు తీసుకువెళ్లాలంటే ఆ దేశపు అనుమతి పత్రం ముందే తెప్పించుకోవాలి.

థర్మామీటరు అంకె కూడా మనల్ని వదలదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నది మామూలు గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంటుంది. పుట్టినప్పటి నుంచి వేడి నుంచి కాపాడడమే తెలిసిన నాకు, టొరాంటో జనవరిలో మైనస్ 20లో పెన్నును భుజం సంచిలో పెట్టుకుని బస్సు కోసం నిలబడడం ఎంత తప్పో తెలియలేదు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడడానికి మామూలుగానే ఉంటుంది, కానీ పనికిరాదు, పారేయాలి. ఆ తరువాత పెన్ను కోటు లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉండేది. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైటుకు వెళ్లేవారిది దీనికి ఎదురు కష్టం. 2016 జూలైలో ఆ దేశంలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ వేడిలో కారులో వదిలిన పెన్ను పాడవుతుంది, పైగా ఒళ్లు వేడెక్కితే ఇన్సులిన్ తొందరగా రక్తంలోకి చేరి చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. డ్రైవరుగానో, ఇంటిపనికో వెళ్లేవారు ఏజెంటుకు డబ్బు కట్టకముందే అడగవలసిన ప్రశ్నలు రెండు: నా మందు పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో చోటు ఇస్తారా, వేళకు తిననిస్తారా? జబ్బు దాచిపెట్టి వెళ్లినవాడు ఈ రెండూ అడగలేడు.

పిల్లల తిండి గురించి తల్లులు ఎక్కువ అడుగుతారు. ఇక్కడ రాగి సంగటి ముద్ద సైజు చూసి, పక్కన ఊరిబిండి ఉందా పులుసు ఉందా చూసి చేతి అంచనాతో సూది వేసుకునేవాళ్లం. అక్కడ ప్రతి పొట్లం మీదా పిండిపదార్థం ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. అది మహా సుఖం. కానీ ఆ గ్రాములు పొట్లం మొత్తానికా, గుప్పెడు వడ్డనకా చూడాలి. అమెరికా, కెనడాలలో పీచు కూడా ఆ లెక్కలో కలిసి ఉంటుంది. యూరపులో పీచును విడిగా చూపిస్తారు. ‘చక్కెర లేదు’ అన్న బిస్కెట్టులో మైదా ఉంటుందన్న సంగతి మాత్రం ఏ దేశంలోనైనా ఒకటే.

ఉద్యోగంలో చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకు నేను ఎటూ తేల్చని జవాబు ఇవ్వను. చెప్పండి. సంబంధాలు తప్పిపోతాయని ఆడపిల్లల జబ్బు దాచే అలవాటు మనకు ఉంది. ఆ అలవాటునే నేను ఆఫీసుకు కూడా తీసుకువెళ్లి, మొదటి ఏడు నెలలు మరుగుదొడ్డిలో సూది వేసుకున్నాను. ఒక సమావేశంలో చెమటలు పట్టి, మాట తడబడి, ఎదుటివారు నన్ను వింతగా చూసిన రోజున మా మేనేజరుకు చెప్పక తప్పలేదు. అప్పుడు ఆమె ద్వారా తెలిసింది, ఆంటారియో మానవ హక్కుల చట్టంలో వైకల్యానికి ఇచ్చిన నిర్వచనంలో మధుమేహం పేరు పెట్టి మరీ ఉందని. అంటే వేళకు తినడానికి, పరీక్ష చేసుకోవడానికి వీలు కల్పించడం యజమాని బాధ్యత, దయ కాదు. హక్కుతో పాటు బాధ్యత కూడా వస్తుంది. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడేవారు ఆ సంగతి లైసెన్సు ఇచ్చే సంస్థకు చెప్పాలి, కారు తీయడానికి ముందు రెండు గంటలలోపు, దూరప్రయాణంలో రెండేసి గంటలకు చక్కెర చూసుకోవాలి. పక్క సీటువాళ్లకు నేర్పవలసింది కూడా కొద్దిగానే: స్పృహ ఉంటే పదిహేను గ్రాముల గ్లూకోజు, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్ష. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పెట్టకూడదు, అంబులెన్సుకు ఫోను చేయాలి. అక్కడ కూడా అంకె మారుతుంది. మనకు 108, కెనడాలో 911, బ్రిటన్‌లో 999, కువైటులో 112, జపానులో 119.

చివరిగా నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఇన్ని జాగ్రత్తలు నేర్చుకుని 2017లో తిరిగి వచ్చాను. ఆ సంక్రాంతి సెలవుల్లో అలిపిరి మెట్ల దారిన కొండెక్కాలని కుటుంబమంతా బయలుదేరాం. అవి సుమారు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడే కాదు, ఆ రాత్రి కూడా చక్కెర తగ్గుతుందని చిన్నప్పటి నుంచి తెలుసు, అందుకే భోజనం సూది తగ్గించాలని ముందే అనుకున్నాను. బయలుదేరడానికి రెండు రోజుల ముందు నా భోజనం పెన్ను కింద పడి పగిలింది. పండుగ పూట ఆ కార్ట్రిడ్జ్ దొరకలేదు. ఒక షాపులో రెగ్యులర్ సీసా కొని, కెనడా నుంచి తెచ్చుకున్న నారింజ మూత సిరంజితో పది గీత దాకా లాగి వేసుకున్నాను. రెండు రోజులు అన్నం తిన్న ప్రతిసారీ చక్కెర 300 దాటుతూ ఉంటే పండుగ అరిసెలను తిట్టుకున్నాను. మూడో రోజు అలిపిరిలో మెట్లెక్కబోతూ మరో మోతాదు లాగుతుంటే, ఆ మూత రంగు చూసి ఆగిపోయాను. పది గీత అంటే 0.1 మిల్లీలీటరు. సీసాలో మిల్లీలీటరుకు 40. ఒంట్లోకి వెళ్లినవి నాలుగు యూనిట్లు. టొరాంటోలో ఆ పెద్దాయన ఆపిన తప్పునే సొంత ఊళ్లో తిరగేసి చేశాను.

ఎర్ర మూతది, నారింజ మూతది రెండు ఖాళీ సిరంజిలు, రెండు రకాల ఖాళీ సీసాలు ఈ బల్ల మీద పెట్టాను. టీ తాగి వచ్చాక పిల్లలందరూ ఒక్కొక్కరుగా వచ్చి, రెండింటిలోనూ పది గీత దాకా నీళ్లు లాగి, పక్కపక్కన పట్టుకుని చూడండి. ప్రశ్నలు అప్పుడు అడగవచ్చు.